నంద్యాల వాన, నెల్లూరు సముద్రం

నంద్యాల చేలల్లో మిగిలిన వాననీరు కుందేటిలో పడుతుంది. ఆళ్లగడ్డ పక్క వక్కిలేరూ అందులోకే. కుందేరు కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద సముద్రం చేరుతుంది.

ఇది ప్రకృతి దారి. మనిషి తవ్విన దారి ఇంకొకటుంది. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వనారంభించింది. అందులో పడవలూ నడవాలని ఆశ! గిట్టుబాటు కాక 1882లో సర్కారు పరమైంది. కానీ కృష్ణలో కలవవలసిన తుంగభద్ర నీరు కొంత అప్పట్నించీ మన మళ్లు తడిపి, మిగులు పెన్నవైపు దిగుతున్నది.

ఆ కృష్ణ సంగతి చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు కె. నాగేశ్వరరావు, సహచరులు 2010లో లెక్క తేల్చి ప్రకటించారు. 1966–69లో ఆ నది ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు మోసేది. 2000–05 నాటికి 4 లక్షలకు దిగింది. తక్కినది జలాశయాల్లోనే ఆగిపోతున్నది. ఒండ్రు అందక, 1965–2008 మధ్య కృష్ణా గోదావరి డెల్టాల తీరం 76 చదరపు కిలోమీటర్లు కోసుకుపోయింది.

అలాగని మీ మన్ను ఏటికి వదలమని కాదు సుమండీ! కుందేటి గట్టున చేను కోసుకుపోతే ఆ మట్టి చాలావరకు తీరం చేరదు. సోమశిల జలాశయం అడుగునే పేరుకుంటుంది.