మూకీ యుగపు బొమ్మల చిత్రాలు: కామాఠీపురా పరిసరాలు

బొమ్మనో వస్తువునో ఫ్రేము ఫ్రేముకీ కాస్త జరుపుతూ తీసిన, మాటా పాటా లేని పొట్టి సినిమాలివి. 1908లో ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ సుమారు 700 బొమ్మలు గీసి తీసిన 'ఫాంటస్మగోరీ' వీటిలో తొలితరానిది.

మన దేశంలో ఈ విద్యకు బీజం పడింది బొంబాయిలో. 1912లో లండన్ నుంచి కెమెరా కొని తెచ్చిన దాదాసాహెబ్ ఫాల్కే, దాదర్‌లోని తన ఇంట్లో కుండీలో బఠానీ గింజ నాటి, దానికెదురుగా కెమెరా బిగించాడు. రోజుకొక ఫ్రేము చొప్పున నెలకు పైగా తీశాడు. ఆ ఫ్రేములన్నీ వరసగా ఆడిస్తే మొలక మట్టిని చీల్చుకుని లేచి, చూస్తుండగానే తీగ సాగింది. ఇది గీసిన బొమ్మ కాదు నిజమే, కానీ ఓపికా కిటుకూ యానిమేషన్‌వే. ఫాల్కే పెద్ద సినిమా 'రాజా హరిశ్చంద్ర'కు పెట్టుబడి తెచ్చిపెట్టింది ఈ బుల్లి చిత్రమే.

ఆ హరిశ్చంద్రను 1913 ఏప్రిల్ 21న ఆహూతులకు మొదట చూపింది గ్రాంట్ రోడ్డులోని ఒలింపియా థియేటర్‌లో. అక్కడికి కామాఠీపురా నడక దూరం. నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చి బొంబాయి మేడలు కట్టిన తెలుగు కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది. పక్కనే 'పీలా హౌస్' అని పిలిచే చోటి నాటకశాలలు, ఒక్కొక్కటే సినిమా హాళ్లుగా మారాయి. తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసిన ఇలాంటి పేటలో, టైటిల్ కార్డు చదవడం రానివారికీ అర్థమయ్యేది కదిలే బొమ్మే. దాని అసలు అందం అదే.

మొదటి ప్రపంచ యుద్ధం వల్ల పెద్ద సినిమాలు కుంటుపడిన రోజుల్లో, 1915లో ఫాల్కే అగ్గిపుల్లల్ని కదిలిస్తూ 'ఆగ్‌కాడ్యాంచీ మౌజ్' తీశాడు. ఈనాడు దాని ప్రతి లేదు. ఆ రోజుల్లో వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకుంటుంది, తేమకు పొడైపోతుంది. పైగా అసలు సినిమాకు కొసరుగా వేసే పొట్టి చిత్రాన్ని దాచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో! మన దేశంలో సుమారు 1,300 మూకీలు తయారైతే, మిగిలినవి కొన్ని పదులే, వాటిలోనూ చాలావరకు ముక్కలు.

1931 మార్చి 14న మాటల సినిమా 'ఆలం ఆరా', మరుసటి ఏడాది బొంబాయిలోనే తీసిన తెలుగు 'భక్త ప్రహ్లాద' రావడంతో మూకీల గిరాకీ పడిపోయింది. ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం బొంబాయిలో మొదలైంది 1956లో. అప్పటికి బొమ్మలకు గొంతు వచ్చేసింది.