సుడి

నూజివీడు మామిడి తోటల్లో వేసవిలో దుమ్మును లేపుకుంటూ తిరిగే గాలి సుడిగాలి. కృష్ణలో నీళ్లు గిర్రున తిరిగే చోటు సుడిగుండం. తలమీద వెంట్రుకలు తిరిగిన చోటూ సుడే. దాన్ని చూసి జాతకం చెప్పే అలవాటు నుంచే ‘సుడి ఉన్నవాడు’ అంటే అదృష్టవంతుడయ్యాడని నా ఊహ. మాట అచ్చతెనుగుది. తమిళ ‘సుళి’ దీని తోబుట్టువు. కోళి కోడిగా, ఏళు ఏడుగా మారిన దారిలోనే ఇదీ నడిచింది.

ప్రవాహశాస్త్రంలో ‘వోర్టెక్స్’కు ఈ మాటే చాలునని నా వాదం. సుడిగాలి కాసేపటికే చచ్చిపోతుంది, ప్రవాహాల కదలికను వర్ణించే నావియర్–స్టోక్స్ సమీకరణాలను అడిగే ప్రశ్న చిరకాలం తర్వాత ఏమవుతుందన్నది, అంత క్షణికమైన మాట దానికెలా సరిపోతుందని ఎవరైనా అడగవచ్చు. కానీ ఆ క్షణికతే అసలు విషయం. బయటి బలం లేకపోతే జిగట సుడిని అరగదీస్తుంది. అలా ప్రవాహపు శక్తి చివరికి సున్నా అవుతుందా అని గణితవేత్త జాన్ లెరే 1934లో అడిగితే, అవుతుందని 1984లో గణితవేత్తలు కాటో, మసుదా చూపారు. పలుచని పొరలాంటి రెండు కొలతల ప్రవాహంలో మాత్రం ఒకే దిశలో తిరిగే చిన్న సుడులు కలిసి పెద్దవై, చాలాకాలం నిలుస్తాయి. మూడు కొలతల్లో పరిష్కారాలు ఎల్లకాలం నునుపుగా ఉంటాయా అన్నది ఇంకా తేలలేదు. దానికి 2000లో క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. పుట్టడం, కలవడం, అరగడం మూడూ సుడి అనగానే తెలుగువాడి కళ్లకు కడతాయి. ఆవర్తమనే సంస్కృత పదం శాస్త్రీయంగా వినిపిస్తుంది, నిజమే. పిల్లలకు బొమ్మ చూపించేది మాత్రం సుడే. పాఠాల్లో ఆ మాటనే వాడండి.