బీటా కిరణాలను కొలిచిన స్వామీజీ

కొత్త భౌతికశాస్త్రం భారీ యంత్రాల్లో కణాలను ఢీకొట్టిస్తేనే పుడుతుందన్న అభిప్రాయం బలంగా ఉంది. చరిత్ర అలా చెప్పదు. రేడియోధార్మిక పరమాణువుల నుంచి బీటా కణాలు ఒకే శక్తితో కాక రకరకాల శక్తులతో వెలువడతాయని 1914లో శాస్త్రవేత్త చాడ్విక్ గమనించాడు. 1927లో ఎల్లిస్, వూస్టర్ ఆ కణాలు వెలువడేటప్పుడు పుట్టే వేడిని కొలిచి, కొంత శక్తి నిజంగానే లెక్కకు అందడం లేదని తేల్చారు. ఆ లోటు నుంచే 1930లో పౌలీ మదిలో న్యూట్రినో అనే కణం గురించిన ఊహ పుట్టింది. అది ప్రయోగంలో చిక్కింది మాత్రం 1956లో.

బీటా కిరణాలను కొలిచే ఈ విద్యను తెలుగునాట నాటినవారు స్వామి జ్ఞానానంద. 1896లో పశ్చిమ గోదావరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాలనూ, లివర్‌పూల్‌లో అదే చాడ్విక్ దగ్గర బీటా కణాల శక్తి వర్ణపటాలనూ పరిశోధించారు. 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక విభాగాన్ని నిలబెట్టారు. సన్యాసం, భౌతికశాస్త్రం అనే ఈ రెండు లోకాలూ ఒక మనిషిలో ఇమిడాయంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆ విభాగం నుంచి కొత్త కణమేదీ బయటపడలేదు కదా అని కొందరనవచ్చు. కానీ తెలిసినదాని విలువ గట్టిపడందే తెలియనిది పట్టుబడదు. ఉదాహరణకు, జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం ట్రిటియం బీటా వర్ణపటం చివరి అంచును కొలిచి, న్యూట్రినో ద్రవ్యరాశి 0.45 ఎలక్ట్రాన్ వోల్టులకు మించదని 2025లో ప్రకటించింది. పరికరం పెరిగింది, పని అదే.