డ్రిప్ మొదలయ్యే ముందు

ఉదయం ఎనిమిది. హైదరాబాద్‌లో ఓ ప్రభుత్వాసుపత్రి వార్డు. కిటికీ పక్క మంచం మీద అరవై దాటిన ఆమె చీర అంచు పైకి జరిపి పిక్కలు చూపిస్తోంది. చీలమండల నుంచి మోకాళ్ల దాకా కందిగింజలంత ఎర్రటి మచ్చలు. నొక్కినా తెల్లబడవు, తడిమితే వేలికి ఉబ్బుగా తగులుతాయి. అరికాళ్లలో తిమ్మిరి. మూత్రంలో ప్రోటీన్ పోతోంది.

ఎప్పుడో నలభై ఏళ్ల కింద కాన్పులో రక్తం ఎక్కించారట, ఆమెకు హెపటైటిస్ సి వచ్చింది దాంతోనే కావచ్చు. హెపటైటిస్ సి వైరస్‌ను కనుక్కున్నదే 1989లో. అంతకుముందు ఏ సీసానూ దానికోసం పరీక్షించే దారే లేదు. వైరస్ ఇన్నేళ్లూ రెచ్చగొడుతుంటే బి కణాలు ఎడతెరిపి లేకుండా యాంటీబాడీలు తయారుచేశాయి. వాటిలో కొన్ని చల్లబడితే ముద్దకట్టే క్రయోగ్లోబ్యులిన్లు. అవే ఇప్పుడు సన్నటి రక్తనాళాల గోడలను దెబ్బతీస్తున్నాయి.

వాటిని పట్టుకోవడానికి మొన్న ల్యాబు కుర్రాడు రక్తం గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్లున్న ఫ్లాస్కులో పెట్టుకుని మెట్లు దిగాడు. చేత్తో ఊరికే పట్టుకెళ్తే దారిలోనే ముద్దకట్టి గడ్డలో కలిసిపోతాయి, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది. వేరుచేసిన సీరం 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంది. మూడోనాటికి అడుగున తెల్లటి మడ్డి.

వైరస్‌కు సోఫోస్‌బువిర్, డక్లటస్విర్ మాత్రలు మొదలయ్యాయి, 12 వారాలు. జబ్బు తేలికైతే చాలాసార్లు అవే సరిపోతాయి. కిడ్నీలు, నరాలు మాత్రం అంతకాలం ఆగలేవు. అందుకే బి కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్.

సిస్టర్ సీసా తగిలించబోతుంటే డాక్టరమ్మ కేస్ షీటు తిరగేసి ఆగింది. హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ: పాజిటివ్. నా మట్టుకు ఈ గదిలో ఇంతకన్నా విలువైన కాగితం లేదు. ఎప్పుడో వచ్చి అణగిపోయిన బి వైరస్ కాలేయంలో ఇంకా దాగి ఉంది. కాపు లేకుండా ఈ మందు ఎక్కిస్తే అది లేవొచ్చు, కాలేయం కుప్పకూలి ప్రాణమే పోవచ్చు. అమెరికా ఔషధ సంస్థ 2013లో ఈ మందుపై పెట్టిన పెద్ద హెచ్చరిక దీని గురించే.

"బి వైరస్‌కు కాపుగా ఎంటెకావిర్ వేశారా?"

"నిన్ననే మొదలుపెట్టాం మేడమ్."

పారాసెటమాల్, అవిల్, స్టెరాయిడ్ పడ్డాక డ్రిప్ మొదలైంది, గంటకు 50 మిల్లీగ్రాములు. అరగంటకు రేటు పెంచారు. ఇంకాసేపటికి ఆమె పళ్లు కటకటలాడాయి.

"సలి పెడుతున్నది బిడ్డా."

సిస్టర్ డ్రిప్ ఆపి దుప్పటి కప్పింది. బీపీ చూసింది. వణుకు తగ్గాక సగం వేగంతో మళ్లీ వదిలింది.

మధ్యాహ్నానికి ఆమె డాక్టరమ్మను అడిగింది: "మచ్చలు పోతే గోలీలన్నీ బందు చెయ్యొచ్చా?"

"ఆపొద్దమ్మా. సి వైరస్ మాత్రలు 12 వారాలూ వేసుకోవాలి. ఎంటెకావిర్ మాత్రం చివరి డ్రిప్ అయ్యాక కూడా ఏడాదికి తక్కువ కాకుండా వేసుకోవాలి. మేం చెప్పినప్పుడే ఆపాలి."

పక్కనున్న కొడుకు చీటీ ముందుకు చాపాడు: "తెలుగులో రాయండి మేడమ్."