రెండో అంకె వేసినా...

1969 ఆగస్టు 20, బుధవారం. ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కిస్తున్నారు. మొదటి విడత పూర్తయ్యేసరికి వరాహగిరి వెంకటగిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. చెల్లిన ఓట్ల విలువ మొత్తం 8,36,337. గెలవాలంటే 4,18,169 రావాలి. ముందున్న గిరికే ఇంకా 16,654 తక్కువ.

అంతకుముందు నాలుగు రాష్ట్రపతి ఎన్నికలూ మొదటి లెక్కతోనే తేలిపోయాయి. ఈసారి ఓడినవాళ్ల కట్టలు విప్పి, ఆ కాగితాల మీద 2 అంకె ఎవరి పేరు పక్కన ఉందో చూడాలి. నెల రోజులుగా దేశంలోని మితవాదులంతా దిగులుపడుతున్నదీ, మంతనాలాడుతున్నదీ ఆ 2 అంకె గురించే.

ముగ్గురు అభ్యర్థులనూ తెలుగువాళ్లు తమవాళ్లేనని చెప్పుకోవచ్చు. సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. గిరి పుట్టింది ఇచ్ఛాపురం దాటగానే వచ్చే బరంపురంలో. దేశ్‌ముఖ్ మరాఠీ మనిషైనా మనకు అల్లుడు, రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిని 1953లో పెళ్లాడాడు. దేశమంతా దీన్ని ఇందిరాగాంధీకీ, కాంగ్రెస్ పెద్దల వర్గమైన సిండికేట్‌కీ మధ్య పోరుగా చూసింది. సిక్కోలు జిల్లాకు మాత్రం ఇది ఇంటి గొడవ కూడా. ఆ సంగతి మన చరిత్ర పుస్తకాల్లో ఎందుకో పెద్దగా కనిపించదు.

గిరి ఈ జిల్లాకు కొత్తవాడు కాదు. 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావును బొబ్బిలిలోనే ఓడించాడు. రాజావారు అంటే ఆషామాషీ మనిషి కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన ప్రధానమంత్రి. కోట గుమ్మంలోనే ఆయన్ను ఓడించి వెళ్లిన గిరి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యాడు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూ కొలువులో కార్మిక మంత్రిగా చేరాడు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో ఆ పదవి వదిలేశాడు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో వెంట్రుకవాసిలో ఓడాడు. అక్కడి రెండు సీట్లలో ఒకటి గిరిజనులకు రిజర్వు. ఓట్లు ఎక్కువ రావడంతో జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకే దక్కింది. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1959లో అక్కడా ఓడాడు. ఓట్ల లెక్కలో మెలికలు ఎలా ఉంటాయో ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు.

అవతలి వైపు ఆచార్య ఎన్.జి.రంగా. గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి. ఆనాటికి శ్రీకాకుళం ఎంపీ. ఆ సీటు ఆయనకు శిష్యుడు ఇచ్చిన గురుదక్షిణ. 1967లో గౌతు లచ్చన్న సోంపేట అసెంబ్లీ సీటు, శ్రీకాకుళం లోక్‌సభ సీటు రెండూ గెలిచాడు. ఆ ఎన్నికల్లో రంగా చిత్తూరులో ఓడిపోయాడు. లచ్చన్న లోక్‌సభ సీటు ఖాళీ చేసి ఉపఎన్నికలో గురువును నిలబెట్టి గెలిపించాడు.

ఈ ఇద్దరూ రైతు నాయకులు. అలాంటివాళ్లు మితవాదుల పక్కన ఎలా కూర్చున్నారంటే, 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ చేసిన సహకార వ్యవసాయం తీర్మానం దగ్గరికి వెళ్లాలి. రైతు భూమిని సర్కారు గుంపు సేద్యంలో కలిపేస్తుందన్న భయం అప్పుడు పుట్టింది. ఆ ఏడే రాజాజీ స్వతంత్ర పార్టీ పెడితే రంగా దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. జమీందార్లతో పోరాడినవాళ్లూ మహారాజులూ ఒకే పందిరి కిందికి చేరారు. 1967 నాటికి లోక్‌సభలో ఆ పార్టీ బలం 44, ప్రతిపక్షాల్లో అదే పెద్దది. గిరికి మొదటిసారి మంత్రి పదవి ఇచ్చిన రాజాజీయే 1969లో గిరిని వద్దన్న పార్టీకి పెద్దదిక్కు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశాడు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. జూలైలో బెంగళూరు కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిని ఎంపిక చేసింది. ఇందిర కోరుకున్నది జగజ్జీవన్ రామ్‌ను. నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె.పాటిల్‌ల సిండికేట్ మాటే నెగ్గింది. ఇందిర సంజీవరెడ్డి నామినేషన్ మీద సంతకం పెట్టింది కానీ లోపల రగిలిపోతోంది. మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థికశాఖ లాగేసుకుంది. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ తెచ్చింది. దాని మీద సంతకం పెట్టింది గిరి. పదిహేనేళ్ల కిందట బ్యాంకు గుమస్తాల కోసం మంత్రి పదవి వదిలినవాడు, ఇప్పుడు బ్యాంకులనే సర్కారుకు రాసిచ్చే కాగితం మీద చేవ్రాలు చేసి మర్నాడు రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగాడు.

స్వతంత్ర పార్టీకీ జనసంఘ్‌కీ గుండెలో రాయి పడింది. కమ్యూనిస్టులు, డీఎంకే గిరి వెనక నిలబడ్డారు. బ్యాంకులయ్యాయి, రేపు ఇంకేమిటి? గిరిని ఆపాలంటే సంజీవరెడ్డి గెలవాలి. కానీ సంజీవరెడ్డి కాంగ్రెస్ మనిషి. పదేళ్లుగా కాంగ్రెస్‌ను తిట్టి బతికిన పార్టీలు ఆయనకు నేరుగా ఓటెలా వేస్తాయి? అందుకే దేశ్‌ముఖ్‌ను నిలబెట్టారు. రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, నెహ్రూ ఆర్థికమంత్రి, వంక పెట్టలేని పెద్దమనిషి. గెలవడని వాళ్లకూ తెలుసు. తమ ఓటు ఆయన దగ్గర ఆగిపోతే గిరి నెత్తిన పాలు పోసినట్టే. ఆయన్ను తప్పిస్తే పార్టీ పరువు పోతుంది. ఈ ఇరకాటంలోంచి బయటపడే దారిగా రెండో ప్రాధాన్యం కనిపించింది. మొదటి అంకె దేశ్‌ముఖ్‌కు, రెండోది సంజీవరెడ్డికి.

ఆ రోజుల్లో సోంపేట అరుగు మీద ఈ సంగతి ఎలా నడిచి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు. మనుషులూ మాటలూ నా కల్పన, లెక్క మాత్రం నిజం.

“ఏటి బావా, మనోళ్లు దేశ్‌ముఖ్‌కి ఏసీసి మళ్లీ రెడ్డికెలగేత్తారు? ఓటు ఒకటే కదేటి?”

“ఓటు ఒకటేరా, అంకెలు రెండు. ఒకటి దేశ్‌ముఖ్‌కి, రెండు రెడ్డికి. దేశ్‌ముఖ్ ఓడిపోనాడనుకో, ఆ కాయితం రెడ్డి కట్టలోకి ఎల్లిపోద్ది.”

“రెండు ఎయ్యడం మర్సిపోతే?”

“ఇంకెక్కడికీ ఎల్లదు. అక్కడే ఉండిపోద్ది.”

“అలగైతే మనోళ్లు అందరూ ఏత్తారంటావా?”

బావ జవాబు చెప్పి ఉండడు. రహస్య ఓటు. రాష్ట్రపతి ఎన్నికలో ఎవరు ఎవరికి వేశారో అడిగే హక్కు పార్టీకి లేదు.

కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ్, భారతీయ క్రాంతిదళ్ నాయకులను కలిసి ఆ రెండో అంకె అడిగాడు. లెక్క ప్రకారం తప్పు లేదు. ఓట్లు కావాల్సినవాడు అడుగుతాడు. కానీ కథ అక్కడే తిరగబడింది. జగజ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆయన్ను నిలదీస్తూ లేఖ రాశారు. మతతత్వ పార్టీతో, మహారాజుల పార్టీతో లోపాయికారీ ఒప్పందం ఏమిటన్నారు. ఇందిరకు కావాల్సిన సాకు చేతికి వచ్చింది. సంజీవరెడ్డికి వెయ్యండని తన పార్టీవాళ్లకు చెప్పలేదు. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్న మాట ఆ వారంలోనే దేశమంతా మారుమోగింది.

ఆగస్టు 16, శనివారం పోలింగ్. గిరికి 75 ఏళ్లు నిండి ఆరు రోజులు. అదే రోజు సోంపేట ఎమ్మెల్యే లచ్చన్నకు సరిగ్గా 60 నిండాయి. హైదరాబాదు అప్పటికి నెలల తరబడి తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతోంది. ఇటు శ్రీకాకుళం ఏజెన్సీలో తుపాకుల మోత. ఆంధ్ర ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 125, ఎంపీది 576.

మళ్లీ లెక్కింపు గదికి వద్దాం. బరిలో మొత్తం 15 మంది. అయిదుగురికి సున్నా. మిగిలిన చిన్నాచితకా అభ్యర్థుల కాగితాలు ముందు విప్పారు. ఆఖరికి దేశ్‌ముఖ్ కట్ట. ఒక్కో కాగితం ఎత్తడం, 2 ఎక్కడుందో చూడడం, ఆ పేరు కట్టలో పడెయ్యడం. సంజీవరెడ్డి కట్ట లావెక్కుతూ వచ్చింది. ఆయనకు అలా చేరినవి 91,879. గిరికి చేరినవి 18,562. అంకె లేకో, ఎటూ పోలేకో ఆగిపోయినవి 10,833.

గిరి 4,20,077. సంజీవరెడ్డి 4,05,427.

తేడా 14,650. పదముగ్గురు ఎంపీలు ఇటు నుంచి అటు మారి ఉంటే సంజీవరెడ్డి ఆ రోజే రాష్ట్రపతి.

ఓట్లు చీలడం వల్లే ఓడామని మితవాదులు తర్వాత చాలాకాలం వాపోయారు. ఆ అంకెలను కాసేపు పక్కపక్కన పెట్టి చూడండి. పంచాల్సి వచ్చిన ఓట్లలో నాలుగింట మూడు వంతులు సంజీవరెడ్డికే వెళ్లాయి. స్వతంత్ర, జనసంఘ్ సభ్యులు మొత్తం మీద మాట నిలబెట్టుకున్నారు. ఆగిపోయిన 10,833 ఓట్లనూ ఒక్కటి పోకుండా సంజీవరెడ్డికి కలిపినా 4,16,260 దగ్గర ఆగిపోతాడు, గిరిని అందుకోలేడు. కన్నం పడింది దేశ్‌ముఖ్ కట్టలో కాదు, కాంగ్రెస్ కట్టలో. పార్టీ అభ్యర్థిని కాదని కాంగ్రెస్ వాళ్లు మొదటి అంకే గిరికి వేశారు. అలా వెయ్యడానికి వాళ్లకు మొహమాటం లేకుండా చేసింది నిజలింగప్ప మంతనాలే. తమ ఓటు చీలకూడదని మితవాదులు కుదుర్చుకున్న ఏర్పాటు, తాము గెలిపించాలనుకున్నవాడి సొంత పార్టీని చీల్చింది. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టకుండా ఊరుకుని ఉంటే ఫలితం మారేదా? నాకైతే అనుమానమే. మితవాదులు బాహాటంగా సంజీవరెడ్డి వెంట నిలబడి ఉంటే ఇందిర అంతరాత్మ ఇంకా ముందే మేల్కొని ఉండేది.

ఆగస్టు 24న గిరి ప్రమాణం చేశాడు. ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డి మీద అసహ్యమైన కరపత్రం ఒకటి పార్లమెంటు సెంట్రల్ హాల్లో పంచారన్నది అందులో పెద్ద ఆరోపణ. రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడం దేశం మొదటిసారి చూసింది. 1970లో ఆ పిటిషన్లు కొట్టేశారు. 1974లో చట్టం మార్చి, నామినేషన్ వెయ్యాలంటే పదిమంది ప్రతిపాదించాలి, పదిమంది బలపరచాలి అన్నారు. 1977లో సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. రెండో ప్రాధాన్యం దాకా వెళ్లిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటికీ 1969 ఒక్కటే.

కాంగ్రెస్ 1969 నవంబరులో రెండు ముక్కలైంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో సిండికేట్ పక్షాన మిగిలిన సంస్థా కాంగ్రెస్, జనసంఘ్, స్వతంత్ర పార్టీ ఓటు చీలకుండా ఈసారి ముందే చేతులు కలిపి మహాకూటమి కట్టాయి. స్వతంత్ర పార్టీ 44 నుంచి 8కి పడింది. శ్రీకాకుళం సీటు తిరిగి కాంగ్రెస్ మనిషి బొడ్డేపల్లి రాజగోపాలరావుకు వెళ్లింది. రంగా మళ్లీ లోక్‌సభలో అడుగుపెట్టింది 1980లో, గుంటూరు నుంచి, ఇందిరా కాంగ్రెస్ టికెట్టు మీద.