లక్కపిడతలు

లక్కపిడతలు అనగా కొయ్యను తరిమెనపై గుండ్రంగా చెక్కి, రంగు లక్క పూసి తయారుచేసే చిన్న ఆట పాత్రలు. పిడత అంటే చిన్న కుండ. తెలుగునాట ఆడపిల్లలు బొమ్మరిల్లు ఆటలో వీటితో ఉత్తుత్తి వంటలు వండేవారు. బొమ్మల కొలువులోను వీటిని పేరుస్తారు. కుంకుమ భరిణెలు కూడా ఇదే పద్ధతిలో తయారవుతాయి. ఈ పనికి పేరు పొందిన ఊరు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ గ్రామం 2022 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది.

తయారీ విధానం

ఇందుకు వాడేది అంకుడు కర్ర. దీని శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. ఇది తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది. కర్రను బాగా ఆరనివ్వాలి. పచ్చి కర్రతో చేసిన పాత్ర తరువాత బీటలు వారుతుంది.

ఆరిన ముక్కను తరిమెనకు బిగించి తిప్పుతూ, ఉలితో ముందు వెలుపలి ఆకారం తీస్తారు, పిదప లోపల తొలుస్తారు. పూర్వం ఒకరు తాడు లాగి తరిమెనను తిప్పుతుంటే మరొకరు చెక్కేవారు. ఇప్పుడు విద్యుత్ మోటార్లు వచ్చాయి. భరిణెలో కష్టమైనది మూత. అది వదులు కాకుండా, బిగుసుకుపోకుండా అమరాలి.

ఈ పనిలో కుంచె లేదు. పాత్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కణికను దానికి ఒత్తుతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కొయ్యపై పలుచగా పరచుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది.

తరిమెనపై గుండ్రని ఆకృతులే వస్తాయి. చేప బొమ్మ చేయాలంటే తోక, రెక్కలు విడిగా చెక్కి అతకవలసిందే. కొండపల్లి బొమ్మల పని వేరు. అవి తెల్లపొణికి కర్రను ఉలితో చెక్కి, భాగాలను అతికించి చేసేవి.

రంగులు

లక్క ఒక పురుగు స్రవించే జిగురు. దానిలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుండి తీసిన రంగులు కలుపుతారు. చవకైన రసాయన రంగులు వచ్చి ఈ పరిజ్ఞానాన్ని వెనుకకు నెట్టాయి. పసిపిల్లలు నోట పెట్టుకొనే వస్తువులు కనుక ఇది చిన్న విషయం కాదు. సహజ వర్ణాలను తిరిగి వాడుకలోకి తెచ్చిన ఏటికొప్పాక వాసి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

గుర్తింపు, సమస్యలు

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగింది. అయితే గుర్తింపు వలన కర్ర దొరకదు. సమీప అడవులలో అంకుడు చెట్లు తగ్గిపోవడమే నేడు పనివారికి ప్రధాన సమస్య. నరికిన చెట్టుకు బదులు నాటిన మొక్క తరిమెనకెక్కే లావు కావడానికి ఏళ్ళు పడుతుంది.