గోదావరి పులస పరిశోధన

బంగాళాఖాతంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వరద గోదావరికి ఎదురెక్కే చేప పులస. శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలీషా. సముద్రంలో దొరికితే విలస అంటారు. ధరలో మాత్రం రెండింటికీ పొంతన ఉండదు. ఏటా ఎర్రనీరు దిగగానే వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల్లో కోనసీమ జాలర్లు దీనికోసం వలలు వేస్తారు.

ఈ చేపను 1822లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది గంగానది చేపలను వర్ణించిన ఫ్రాన్సిస్ హామిల్టన్. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు; 1852కి అది పూర్తయింది. బొబ్బర్లంక నుంచి కోనసీమ కాలువలకు నీరందింది, పులస దారికి అడ్డు పడింది. డెల్టా చరిత్రలో మొదటి సంగతి చెప్పుకున్నంతగా రెండోది చెప్పుకోరు. ఇలాంటి కట్టడాలు వలస చేపల దారి మూసేస్తున్నాయని మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే హెచ్చరించాడు.

గోదావరి పులస జీవితం మీద పి.ఐ. చాకో, ఎస్.వి. గణపతిల పరిశోధన 1949లో మద్రాసు విశ్వవిద్యాలయ పత్రికలో వచ్చింది. 1963–67 మధ్య ఇక్కడి పులసల తీరును పరిశీలించిన టి. రాజ్యలక్ష్మి తన ఫలితాలను 1973లో ప్రచురించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్. గణపతి (ఈ గణపతి వేరు) 1960లలో గౌతమి ముఖద్వారంలో ఉప్పునీరు, మంచినీరు కలిసే తీరును శోధించారు. పులస దాటి రావలసింది ఆ నీళ్లనే.

పులస పరిశోధనకు అసలు ప్రయోగశాల చేపల రేవు. దిగిన చేపను కొలవాలి, తూచాలి, పొట్ట కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూడాలి, పొలుసు మీది వలయాలను బట్టి వయసు అంచనా కట్టాలి. వలలో పడ్డ కాసేపటికే చచ్చిపోయే చేప కాబట్టి తొట్టెలో పెట్టి గమనించడం కష్టం. వేలల్లో పలికే పులసను కోసి చూస్తామంటే ఇవాళ ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. ఇక ఈ చేప వేటను అదుపు చేయడంలో ముందున్నది బంగ్లాదేశ్: గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు ఏట్లోనూ సముద్రంలోనూ వేట ఆపేస్తుంది, 25 సెంటీమీటర్లలోపు పిల్లలను పట్టడాన్నీ నెలల తరబడి నిషేధిస్తుంది. మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అదీ సముద్రంలో. పులస ఏరెక్కేది ఆ తర్వాత, జూలైలో.